మూడు ఆస్పత్రుల తరఫున ఒక్క మనిషి

నా కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, సర్క్యులర్ ఆస్పత్రుల ఫోన్ గ్రూపులో పెట్టాను. అందరూ చూశారు, అందరూ బొటనవేలి గుర్తు పెట్టారు. కానీ వాళ్లకి అర్థమైందని ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే నా కూతురు లేచి ఏడుపు అందుకుంది. తర్వాత చెబుతానని పెట్టేశాను. ఆ తర్వాత ఆలోచిస్తే అది ఫోన్లో ఒక మాటలో చెప్పే జవాబు కాదనిపించింది. పాప పడుకున్నాక, చీకట్లో మళ్లీ ఎప్పుడు లేస్తుందోనని ఒక చెవి అటు పెట్టి, ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయికే కాదు, ఆమె తర్వాత ఆ కుర్చీలోకి రాబోయేవాళ్లకి కూడా.

నాది రిటైరయ్యే వయసు కాదు. పాప పుట్టాక మానేశాను, అంతే. జ్ఞాపకాలు రాసుకునేంత పెద్ద ఉద్యోగం కూడా కాదది. కానీ అందులో ఒక రోజు ఉంది. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పని ఇదీ. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద పేద కుటుంబాలకు కార్డులుంటాయి. పథకంలో చేరిన ఆస్పత్రిలో ఆ కార్డు చూపిస్తే పైసా కట్టకుండా వైద్యం చేస్తారు. ఆస్పత్రి కంప్యూటర్లో వివరాలు పెట్టి రాంచీలోని పథకం ఆఫీసు నుంచి అనుమతి తెప్పించుకోవాలి. దీని నిబంధనలు ఊరికే మారుతుంటాయి. మారినప్పుడల్లా జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ఆస్పత్రులన్నిటికీ ఆ సంగతి తెలియజేయడం, వాళ్ల సిబ్బందిని పిలిచి శిక్షణ ఇవ్వడం నా బాధ్యత. బిష్టుపూర్‌లో ఒక బట్టల దుకాణం మేడ మీద మా ఆఫీసు. నేను, నా పైన జిల్లా కోఆర్డినేటర్ సార్, ఒక ప్రింటర్.

నేను మొదటి నుంచీ భయస్తురాలిని. గ్యాస్ కట్టానో లేదోనని మెట్లు దిగాక మళ్లీ ఎక్కి చూసుకునే రకం. అందువల్ల సర్క్యులర్ పంపి ఊరుకోలేకపోయేదాన్ని. ప్రతి ఆస్పత్రిలోనూ కార్డుల కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయికి విడిగా ఫోన్ చేసి, "చదివావా? ఏం అర్థమైంది?" అని అడిగేదాన్ని. మా సార్ నవ్వేవారు. "నువ్వు పోస్టు బట్వాడా చేసేదానివి. ఉత్తరం విప్పి చదివి వినిపించడం దేనికి?" అనేవారు. మంచి మనిషే. ఆయన పైన ఉన్నవాళ్లు ఆయన్ని అడిగేది ఒక్కటే: ఎన్ని ఆస్పత్రులకు శిక్షణ పూర్తయింది? ఆయన నన్ను అడిగేదీ అదే.

అసలు చిక్కేమిటంటే ఆ కౌంటర్ అమ్మాయిలు నిలవరు. జీతం తక్కువ, తిట్లు ఎక్కువ. ఒక నిబంధన అమ్మాయికి బాగా ఒంటబట్టిందనుకునేసరికి ఆమె ఆదిత్యపూర్ ఆస్పత్రి నుంచి మాంగో ప్రాంతంలో ఇంకోదానికి, అక్కడి నుంచి మరో చోటికి వెళ్లిపోయేది. ఆమెతోపాటు నేను చెప్పిందీ వెళ్లిపోయేది. ఖాళీ అయిన చోట ఇంకో కొత్త మొహం. మళ్లీ మొదటి నుంచి.

ఇక శిక్షణ రోజున చిన్న నర్సింగ్ హోములు పాటించే పద్ధతి ఒకటుంది. కౌంటర్ అమ్మాయిని పంపితే ఆ పూట కార్డుల పని ఆగిపోతుంది. అందుకని ఎవరు లేకపోయినా ఆస్పత్రి నడుస్తుందో వాళ్లని పంపుతారు. ఒకరు అంబులెన్స్ డ్రైవర్‌ని పంపేవారు. ఒకరు డాక్టర్‌గారి బావమరిదిని. గమ్హరియా, ఆదిత్యపూర్ వైపు నుంచి మూడు నర్సింగ్ హోములు కలిసి ఒకే మనిషిని పంపేవి. ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని.

బాబాయ్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఇల్లు గోల్‌మురిలో. వాళ్ల నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఖాళీగా కూర్చోలేక ఆ మూడు నర్సింగ్ హోముల జనరేటర్లు, ఆక్సిజన్ పైపులు చూసుకుంటూ తిరిగేవాడు. శిక్షణకు అందరికంటే ముందొచ్చి, ఫ్యాన్ కింద కుర్చీ చూసుకుని, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. హాజరు పుస్తకంలో మూడు చోట్లా సంతకం పెట్టేవాడు. తెలుగువాళ్లిద్దరమే కావడంతో టీ వేళ నా దగ్గరికి వచ్చేవాడు.

ఒకసారి అడిగాను. "బాబాయ్, మీరు కార్డుల పని చూడరు కదా. మీరొచ్చి ఏం లాభం?"

"నానెందుకు సూత్తానమ్మా, నాది జనరేటరు. ఆ కౌంటరు గుంటొచ్చి ఈడ కూకుంటే ఆడ జనం కొట్టుకు సావరేటి? అందుకే డాక్టరు బాబు నన్నెల్లమన్నాడు."

"మరి విన్నది ఎవరికి చెబుతారు?"

"కాయితాలిత్తావు గదా. అట్టుకెల్లి ఆయన బల్ల మీదెడతాను. సదువుకున్నోడు, సదూకుంటాడు."

"ఆయన చదవకపోతే?"

"ఓలమ్మా, నువ్వు మరీ అలగ బయపడిపోకు. కడుపుతో ఉన్నావు. సర్టిపికెట్టిచ్చీ, నానెలిపోతాను. పటం కూడా నానే కట్టిత్తన్నాను."

నిజంగానే కట్టించేవాడు. మేమిచ్చే శిక్షణ పత్రాలకు అద్దం వేయించి, మూడు చోట్లా కౌంటర్ వెనక గోడకు మేకు కొట్టి తగిలించేవాడు.

నేను సార్‌తో ఈ మాట అన్నాను, ఒకసారి కాదు. "ఎవర్ని పంపాలన్నది ఆస్పత్రి ఇష్టం. కుర్చీ నిండిందా లేదా అన్నదే మన లెక్క" అన్నారు. పైగా ఆ మూడు నర్సింగ్ హోములూ మా జాబితాలో ఎప్పుడూ పూర్తయినవాటి కిందే ఉండేవి. ఒక్క శిక్షణకూ ఎగ్గొట్టని ఆస్పత్రులు మరి.

నాకు నెలలు నిండుతున్న రోజుల్లో ఒక కొత్త నిబంధన వచ్చింది. అప్పుడే పుట్టిన బిడ్డకు కార్డు ఉండదు కదా. అంతకుముందు బిడ్డకు జబ్బు చేస్తే, కుటుంబం కార్డులో బిడ్డ పేరు చేర్పించుకుని వస్తే తప్ప ఆస్పత్రి కంప్యూటర్ ఒప్పుకునేది కాదు. ఇక నుంచి కొంతకాలం వరకూ తల్లి కార్డు మీదే బిడ్డకు వైద్యం చేయవచ్చు. బిడ్డకు పేరు కూడా అక్కర్లేదు. తల్లి పేరు రాసి, ఆమె బిడ్డ అని నమోదు చేస్తే చాలు. నా పరిస్థితి వల్ల కాబోలు, ఆ కాగితాన్ని మిగతావాటికంటే శ్రద్ధగా చదివాను. శిక్షణలో దాన్ని రెండుసార్లు చెప్పాను. బాబాయ్ ఫ్యాన్ కింద కూర్చుని తల ఊపాడు. తర్వాత ఎప్పటిలాగే కౌంటర్లకు ఫోన్లు చేశాను. గమ్హరియా నర్సింగ్ హోములో అప్పుడున్న అమ్మాయి చక్కగా తిరిగి అప్పజెప్పింది కూడా. ఆమె ఆ తర్వాత కొద్దిరోజులకే పెళ్లి కుదిరి మానేసిందని నాకు తెలియదు.

నా సెలవుకు ఇంకా వారం కూడా లేదు. ఉదయం ఆఫీసులో కూర్చుని, నేను లేనప్పుడు సార్ చూసుకోవాల్సినవి రాసి పెడుతున్నాను. బాబాయ్ ఫోన్.

"అమ్మా, నీ కార్డు సంటి పిల్లలకి పన్జెయ్యదంటన్నారు."

"ఎవరు బాబాయ్? ఎక్కడ?"

"గమ్హరియాలో. మా అమ్మాయి పురిటికొచ్చింది. రాత్రి గుంట పుట్టింది. ఆడపిల్ల. తల్లి బానే ఉంది. గుంట డొక్కలెగరేత్తంది. ఆక్సిజనెట్టి, ఎచ్చగుండే అద్దాల పెట్టి, ఆ వార్మర్లో పడుకోబెట్టారు. తల్లికి కార్డు నడిసింది, గుంటకి నడవదంటంది కౌంటర్లో పిల్ల. డబ్బన్నా కట్టండి, లేదా పెద్దాస్పత్రికి అట్టుకెల్లిపోండి అంటన్నారు. అల్లుడు బండి కోసం ఎల్లాడు."

నా చేతిలో పెన్ను ఎక్కడ పెట్టానో తెలియలేదు. "బాబాయ్, బిడ్డని కదపనివ్వకండి. తల్లి కార్డు మీద చేస్తారు. నేను చెప్పాను కదా ఆ రోజు."

"సెప్పే ఉంటావు" అన్నాడు.

కౌంటర్‌కి ఫోన్ చేశాను. మోగుతుంది గాని ఎవరూ ఎత్తరు. జనం ఉన్నప్పుడు ఎత్తరు. గ్రూపులో రాశాను. రెండు బొటనవేళ్లు వచ్చాయి, ఆ నర్సింగ్ హోము నుంచి కాదు. సార్‌కి చెబితే, "వాళ్లకి మెయిల్ పెట్టు, సర్క్యులర్ జత చెయ్యి, మన వైపు నుంచి లోపం ఉండకూడదు" అన్నారు. మెయిల్ పెట్టాను. పెట్టి, బ్యాగు తీసుకుని మెట్లు దిగాను. ఈ పరిస్థితిలో ఎక్కడికి అని ఆయన పైనుంచి అరుస్తూనే ఉన్నారు.

బిష్టుపూర్ నుంచి గమ్హరియాకి ఆటోలో వెళ్లడం నెలలు నిండిన మనిషి చేయాల్సిన పని కాదు. వంతెన మీద లారీలు బారులు తీరాయి. గుంతలో చక్రం పడినప్పుడల్లా రెండు చేతులతో పొట్టను పట్టుకునేదాన్ని. ఇదే దారిలో, ఇవే గుంతల్లో, ఊపిరి సరిగా అందని పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని ఎదురు వస్తున్నారేమోనని ప్రతి వ్యాన్‌లోకీ తొంగి చూశాను. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి, "దీదీ, హాస్పిటల్‌కేనా? త్వరగా పోనివ్వనా, మెల్లగా పోనివ్వనా?" అని అడిగాడు. రెండూ అన్నాను.

నర్సింగ్ హోము గేటు దగ్గర ఒక వ్యాన్ ఉంది, ఇంజను ఆపలేదు. దాని పక్కన అల్లుడు నిలబడ్డాడు. పక్కనే ఏదో ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే కుర్రాడు. డ్యూటీ బట్టలు కూడా మార్చలేదు. లోపల కౌంటర్ ముందు బాబాయ్, ఎదురు గోడ మీద ఆయన కట్టించిన పటాలు వరుసగా. పక్కన బెంచీ మీద పిన్నిగారు, అంటే బాబాయ్ భార్య, ఒళ్లో మడిచిన తువ్వాలు పెట్టుకుని కూర్చుంది. బిడ్డను చుట్టడానికి సిద్ధంగా ఉంచుకున్న తువ్వాలది.

బిడ్డ ఇంకా లోపలే ఉంది. అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

కౌంటర్లో కొత్త అమ్మాయి. మన తెలుగు పిల్లే, గోల్‌మురి వైపు పెరిగింది. కానీ బాబాయ్ తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తోంది.

"తాతా, మై క్యా కరూఁ, సిస్టమ్ నహీ లే రహా" అంది. నేనేం చేయను, సిస్టమ్ తీసుకోవడం లేదని.

"సిస్టమేటి తీసుకోదే? మనిసివి నువ్వు లేవా?"

"తాతా, నన్ను తిట్టకండి. మీరే కదా ట్రైనింగ్ తీసుకున్నది! గోడ మీద చూడండి, ఈ ఆస్పత్రి ట్రైనింగ్ అయిపోయిందని రాసుంది." ఈసారి తెలుగులోనే అంది. కోపం వస్తే వచ్చేది అమ్మ భాషే మరి.

బాబాయ్ తల ఎత్తి గోడ వైపు చూశాడు. మళ్లీ నా వైపు తిరిగాడు. "మూడాస్పత్రులకీ నానే ఇన్నానమ్మా" అన్నాడు మెల్లగా. "మూడిటికీ నానే మర్సిపోనాను."

డాక్టర్‌గారు బయటికొచ్చారు. ఆ నర్సింగ్ హోము ఆయనదే. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. నేను ఫోన్లో సర్క్యులర్ తీసి చూపించాను. కళ్లజోడు పైకెత్తి చదివారు.

"ఇది మాకెప్పుడొచ్చింది?"

"వచ్చింది బాబూ, నానే తెచ్చి మీ బల్ల మీదెట్టాను" అన్నాడు బాబాయ్.

"బల్ల మీద పెడితే నాకెలా తెలుస్తుంది? చెప్పాలి కదా!"

"సదువుకున్నోరు, మీకు నాను సెప్పేదేటని."

డాక్టర్‌గారికి నవ్వాలో అరవాలో తెలియలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఇదివరకు ఏదో నిబంధన తెలియక చేసిన కేసులు తిరస్కరిస్తే, ఆ ఖర్చంతా ఆయన మీద పడింది. "మేడమ్, మీ కాగితం నిజమే. కానీ రేపు అనుమతి రాకపోతే నేనేం చేయను? కదిపితే బిడ్డకి ప్రమాదమని నాకూ తెలుసు. అనుమతి వచ్చేదాకా చూద్దాం. ఆక్సిజన్ తీయను. కానీ కాదని జవాబొస్తే వీళ్లు తీసుకెళ్లాలి" అన్నారు.

అల్లుడు గుమ్మంలోకి వచ్చాడు. బయట వ్యాన్ హారన్ మోగుతోంది. "దీదీ, పక్కాయేనా?" అని అడిగాడు.

"పక్కా" అన్నాను.

అది నేను ఎంత ధైర్యంగా అన్నానో అంత అబద్ధం. నిబంధన ఉన్నమాట పక్కా. కానీ అనుమతి ఇవ్వాల్సిన గదిలో కూర్చున్న మనిషికి ఆ నిబంధన తెలుసని నాకేం నమ్మకం? వాళ్లకి ఎవరు శిక్షణ ఇచ్చారో! ఆ శిక్షణకు వాళ్లు ఎవర్ని పంపారో! అక్కడ కూడా ఒక బాబాయ్ ఫ్యాన్ కింద కూర్చుని తల ఊపి ఉంటే?

కౌంటర్ లోపలికి వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. తల్లి కార్డు నంబరు కొట్టమన్నాను. కొట్టింది. కింద చిన్న అక్షరాల్లో నవజాత శిశువు అన్న గడి ఉంది. అది తను ఎప్పుడూ చూడలేదంది. అక్కడ నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంది. మొదటి ప్రశ్న, రోగి పేరు.

"పాప పేరేంటి?" అని అడిగింది కౌంటర్ అమ్మాయి, బెంచీ వైపు తిరిగి.

పిన్నిగారు చటుక్కున లేచింది. "పురుడవకుండా పేరెట్టీత్తారేటి? అల్లుడి తల్లి ఊర్నుంచి రావాలి, బియ్యంలో రాయాలి. అప్పుడుదాకా గుంటే."

"ఏదో ఒకటి చెప్పు అమ్మమ్మా, తర్వాత మార్చుకోవచ్చు. లక్ష్మి అని రాసెయ్యనా?"

"రాయకు! ఏదో ఒకటేటే? ఊపిరికి కొట్టుకుంటన్న గుంటకి దారినపోయే పేరెడతావా? నా సావు మీదికొచ్చినా సరే, సెప్పను."

అల్లుడు "అత్తా, చెప్పెయ్ ఏదైనా" అని చేతులు జోడించాడు. ఆవిడ కదల్లేదు. బాబాయ్ ఆవిడని తిట్టబోయి ఆగిపోయాడు. వాళ్ల ఇంట్లో ఇంతకుముందు పురుడు కాకముందే పేరు పెట్టిన మగబిడ్డ ఒకడు దక్కలేదని, అందుకే ఆవిడకి ఆ పట్టుదలని, తర్వాత తెలిసింది.

"పేరు అక్కర్లేదు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "తల్లి పేరు రాయి. పక్కన ఆమె పాప అని రాయి. నిబంధన అదే."

"అంతేనా?"

"అంతే."

పిన్నిగారు నన్ను మొదటిసారి పరీక్షగా చూసింది. "అదీ, తెలిసినోల్ల మాట" అంది. రూలు రాసినవాళ్లెవరో, ఎక్కడివాళ్లో తెలియదు గాని, ఆవిడ దృష్టిలో పురుటి ఆచారం ఎరిగినవాళ్లయిపోయారు.

డాక్టర్‌గారి రాత జతచేశాం. ఊపిరి ఎందుకు అందడం లేదో, ఎందుకు కదపకూడదో ఆయన స్వయంగా రాశారు. పంపించాం. ఇక ఎదురుచూడడం.

ఎదురుచూడడం గురించి నేను మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. తెర మీద పసుపు చుక్క ఉంటుంది. అది ఆకుపచ్చ అవుతుంది, లేదా ఎర్రనవుతుంది. దాన్ని చూస్తూ కూర్చుంటే నా కడుపులో బిడ్డ కదలడం ఆగినట్టనిపించింది. ఉదయం నుంచి కదిలిందా? గుర్తు రాలేదు. నీళ్లు తాగాను, పక్కకు ఒరిగి కూర్చున్నాను. కౌంటర్ అమ్మాయి నా మొహం చూసి తన కుర్చీ ఇచ్చేసింది. కాసేపటికి లోపల మోచేయో మోకాలో పక్కటెముక కింద బలంగా పొడిచింది.

చుక్క రంగు మారింది. ఆకుపచ్చ కాదు, నారింజ. కౌంటర్ అమ్మాయి గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను దగ్గరికి వంగి చదివాను. ఒక ప్రశ్న వచ్చింది. తల్లీ బిడ్డా కలిసి ఉన్న ఫోటో పంపమన్నారు.

నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. "వాళ్లకి తెలుసు" అన్నాను బాబాయ్‌తో. "తెలియకపోతే కాదనేసేవాళ్లు. తెలిసినవాళ్లే ఈ ఫోటో అడుగుతారు."

ఫోటో అనగానే పిన్నిగారు మళ్లీ అడ్డం. "ఓలమ్మో, పురిట్లో పోటోలేటి? దిష్టి తగిలీదా?"

"అత్తా!" అని అల్లుడు గోడకు తల ఆనించాడు.

ఈసారి బాబాయ్ మాట్లాడాడు. "ఒసే, దిష్టి సుక్కెట్టి తీయించు. ఈ మేడమ్మ కడుపుతో ఉండి అంత దూరం నించి వచ్చీసింది. ఆవిడ కన్ను సల్లని కన్ను."

పిన్నిగారు రొండిలోంచి కాటుక డబ్బీ తీసింది. అంత హడావుడిలో తువ్వాలుతోపాటు అదీ తెచ్చుకుంది. నర్సు కేక వేసింది, వార్మర్ దగ్గర కాటుకా గీటుకా వద్దని. చివరికి డాక్టర్‌గారే రాజీ చేశారు. చేతులు కడుక్కుని, అరికాలికి ఒక్క చుక్క పెట్టుకోమన్నారు.

తల్లి వార్డు నుంచి నడిచి వచ్చింది. ఒక్కో అడుగుకీ గోడ పట్టుకుంటోంది. ఆమె బిడ్డను దగ్గరగా చూడడం అదే మొదటిసారని నర్సు చెప్పింది. నేను ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. బిడ్డ పిడికెడంత ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, ముక్కు దగ్గర గొట్టం, అరికాలి మీద చుక్క. తల్లి అద్దం మీద అరచెయ్యి ఆనించింది. మొదటి రెండు ఫోటోలూ చెదిరిపోయాయి. కౌంటర్ అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "మేడమ్, ఇటివ్వండి" అని తనే తీసింది.

పంపాం. మళ్లీ పసుపు చుక్క. బయట వ్యాన్ డ్రైవర్ విసుగెత్తి ఇంజను ఆపేశాడు. అందరం తెరనే చూస్తూ నిలబడ్డాం. ఆకుపచ్చ వచ్చింది. కౌంటర్ అమ్మాయి వేలితో ఒక్కో పదం చూపిస్తూ పైకి చదివింది. తల్లి పేరు, ఆమె పాప, అనుమతించబడినది.

అల్లుడు వ్యాన్‌ని పంపేశాడు. పిన్నిగారు ఒళ్లో తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంది. బాబాయ్ నాకు దండం పెడతాడేమోనని భయపడ్డాను గాని పెట్టలేదు. డాక్టర్‌గారి దగ్గరికి వెళ్లి, "బాబూ, నన్నింక ట్రైనింగుల్లో కూకోబెట్టకండి. నాను జనరేటరు సూసుకుంటాను. ఈ కౌంటరు గుంటని పంపండి. జనం కొట్టుకుంటే కొట్టుకోనీండి" అన్నాడు. డాక్టర్‌గారు నేల చూస్తూ సరేనన్నారు.

పాప వారం పైన ఆ వార్మర్లోనే ఉండి, ఇంటికి వెళ్లింది. ఇంకా పేరు పెట్టలేదట అప్పటికి.

కానీ మీకు నేను చెప్పాలనుకున్నది ఆ ఆకుపచ్చ చుక్క గురించి కాదు. దాని తర్వాత జరిగింది.

నేను లేచి బ్యాగు తీసుకుంటున్నాను. వెళ్లిపోవాలి, ఒళ్లంతా నొప్పులు. కౌంటర్ అమ్మాయి ఎవరికో ఫోన్ చేస్తోంది. మాంగోలో ఇంకో ఆస్పత్రి కౌంటర్లో పనిచేసే స్నేహితురాలట. ఇద్దరూ ఇదివరకు ఒకేచోట పనిచేసినవాళ్లు. "సున్, విను, ఇకనుంచి పుట్టిన పిల్లలకి కార్డు అడక్కు" అంటోంది. "తల్లి కార్డు కొట్టు. కింద చిన్నగా ఒక గడి ఉంటుంది, కనపడదు, కిందికి జరుపు. పేరు అడిగితే భయపడకు, తల్లి పేరు రాసి ఆమె పాప అని రాయి. ఫోటో అడుగుతారు, ముందే తీసి ఉంచు. కాటుక విషయంలో గొడవ పడకు, అరికాలికి పెట్టుకోమను."

నేను బ్యాగు భుజానికి తగిలించుకుని నిలబడిపోయాను. ఆ సర్క్యులర్‌లో ఇవేవీ లేవు, కిందికి జరపమన్నది గాని, ఫోటో ముందే తీయమన్నది గాని. నేను శిక్షణలో రెండుసార్లు చెప్పినదానికంటే ఇదే బాగుంది.

అవతల స్నేహితురాలు ఏదో అడిగింది. ఈ అమ్మాయి వింది, నుదురు ముడిపడింది. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగింది.

"మేడమ్, కవలలైతే? ఇద్దరినీ ఒకే కార్డు మీద ఎక్కిస్తే, రెండోవాళ్లని సిస్టమ్ తీసుకుంటుందా?"

నాకు తెలియదు. ఆ కాగితాన్ని నా కడుపు మీద పెట్టుకుని మరీ శ్రద్ధగా చదివాను, అయినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

"తెలియదమ్మా" అన్నాను. "ఆమెని లైన్లోనే ఉండమను."

స్టూలు మీద మళ్లీ కూర్చుని రాంచీకి ఫోన్ కలిపాను.